ఏమీ మొలవని సీసా

1979 జూన్ 11న మా లూసీకి తంతి వచ్చింది. మదరాసు వైపు ఒక మిషన్ ఆసుపత్రి కాలేజీలో బాక్టీరియాలజీ, క్లినికల్ లేబొరేటరీ సైన్సు డిగ్రీకి ఇరవై సీట్లుంటే నాలుగువందల పైచిలుకు మంది పోటీ పడ్డారు. మా పిల్లది పదిహేడో సీటు. అది ఆమె మొదటి పెద్ద విజయం. అంతకు ముందు ఏడాది అదే కాలేజీకి వెళ్లి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అడిగిన మొదటి ప్రశ్నే అర్థం కాక, ఏడ్చుకుంటూ తిరిగివచ్చిన పిల్ల. అందుకే ఆ తంతిని నేను ఇప్పటికీ బైబిలు అట్టలో దాచుకున్నాను.

మన సంఘం పాతికేళ్ల పుస్తకం వేస్తున్నామనీ, మన పిల్లల్లో పైకి వచ్చినవాళ్ల గురించి పెద్దలు రాయాలనీ పాస్టరుగారు అడిగారు. నా పేరు కొర్నేలి. బొబ్బిలి దగ్గర పల్లెలో మిషన్ బడిలో ఐదో తరగతి వరకు చదివాను. 1959లో భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా చేరాను. ఇరవై నాలుగేళ్లు బరువులు ఎత్తించి, దింపించి, 1983 చివర రిటైరయ్యాను. సంఘ పెద్దగా పద్దెనిమిదేళ్లు ఉన్నాను. రాత నాకు పెద్దగా రాదు. కానీ లూసీ గురించి రాయవలసింది నేనే. కొందరికి తెలిసి కొందరికి తెలియని సంగతి ఒకటి ఇందులో ఉంది. దాన్ని వదలకుండా రాయమని నా భార్య భాగ్యవతే చెప్పింది.

లూసీ నా తమ్ముడు చిట్టిబాబు కూతురు. తమ్ముడు చరోదా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. 1960లో మన సంఘం మొదటి ఆరాధన సెక్టర్ 7లో ప్లాంటు ఇచ్చిన నా క్వార్టరు ముందు గదిలో జరిగింది. ఆ ఏడే లూసీ పుట్టింది. మాకు పిల్లలు కలగలేదు. సెక్టరులో బడి బాగుంటుందని ఐదో తరగతికి మా ఇంటికి పంపారు. ఇక ఇక్కడే పెరిగింది. ఎనిమిదో తరగతిలో హిందీ చేతిరాతకు బహుమతి. 1978లో హయ్యర్ సెకండరీ మొదటి శ్రేణి, రసాయన శాస్త్రంలో డిస్టింక్షను. అన్నీ హిందీ మీడియంలోనే. తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం భాగ్యవతి పాటల పుస్తకం పట్టుకుని నేర్పింది.

మొదటిసారి సీటు రాక తిరిగివచ్చిన రోజు లూసీ వంటింటి గడప మీద కూర్చుంది.

"నాకు అన్నీ వచ్చు పెదనానా. ఆళ్లు అడిగింది అర్థం కాలే. బస్, అంతే," అంది.

"అర్థం కానిది నేర్చుకుంటే అర్థమవుతాది," అంది భాగ్యవతి. "నేను ఈ ఊరొచ్చినప్పుడు కొట్టామెతో మాట్లాడ్డానికి ఆర్నెల్లు పట్టింది. ఉప్పు అడిగితే సబ్బు ఇచ్చేది. నువ్వు ఏడాది కూకోలేవేటి?"

ఏడాది కూర్చుంది. హిందీ పుస్తకం ఒక పక్క, ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క పెట్టుకుని, ఒక్కొక్క మాటా రెండు వైపులా రాసుకుంది. రెండు వందల పేజీల నోటుబుక్కులు మూడు నిండాయి. ఆ మూడూ ఇప్పుడు మా దగ్గరే ఉన్నాయి.

కాలేజీలో మొదటి సెలవులకు వచ్చినప్పుడు, క్రిములను ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట నాటడానికి ఒక తీగ వాడతామని చెప్పింది. చివర చిన్న చుట్ట ఉంటుంది. దాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి వాడతారు. కాలేజీలో అది నలుగురికి ఒకటట. నేను పాడైపోయిన హీటరు కాయిల్ తెచ్చి, సాగదీసి, చివర చుట్ట చుట్టి, అల్యూమినియం పిడి బిగించి ఇచ్చాను. ఎన్నిసార్లు కాల్చినా చెక్కు చెదరలేదు. వాళ్ల ప్రొఫెసరు దాన్ని చూసి ఎవరు చేశారని అడిగారట. "మా పెదనాన భిలాయి ఖలాసీ" అని చెప్పిందట. ఇంగ్లీషులోనే చెప్పింది. 1982లో డిగ్రీ పూర్తయింది. కాలేజీ మొత్తం మీద రెండో ర్యాంకు, బాక్టీరియాలజీలో మొదటి మార్కు. మన సంఘంలో ఆ చదువు చదివిన మొదటి మనిషి లూసీ. ఆ సెప్టెంబరులో దుర్గు దారిలో ఒక ఆసుపత్రి ల్యాబులో చేరింది.

ఇక ఆ సంగతి.

మన ఇళ్లలో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేస్తాం. ఏడాదంతా అలా వచ్చిన బియ్యాన్ని వార్షికోత్సవం నాడు కలిపి వండి, చివరన పెరుగన్నం చేసి అందరికీ పెడతాం. మాంసం తినని వాళ్లూ, చుట్టాలుగా వచ్చిన వాళ్లూ కూడా ఆ పెరుగన్నం ఒక ముద్ద తినకుండా వెళ్లరు. ఆ పెరుగన్నం ఇరవై రెండేళ్లు కలిపింది భాగ్యవతి. పెద్ద గంగాళంలో అన్నం చల్లార్చి, మోచేతుల దాకా చేతులు పెట్టి, పొద్దున్నే కలిపేది. గరిటె ముట్టేది కాదు. "గరిటెతో కలిపితే మెతుకు విరుగుతాది" అనేది. ఆ చేతికి సంఘంలో ఎంత పేరుందో నేను చెప్పనక్కరలేదు.

1983 ఫిబ్రవరి 6 ఆదివారం విందు జరిగింది. రెండు వారాలు తిరిగేసరికి జ్వరాలు. ఇరవై ముగ్గురు మంచాన పడ్డారు. మన హార్మోనియం వాయించే ప్రభుదాసు మార్చి 9న చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లవాడు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడిందన్నారు. భార్య కుసుమ, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ సమాధి దగ్గర పాట ఎవరు ఎత్తుకోవాలని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాట ఎత్తేవాడే పెట్టెలో ఉన్నాడు.

రోగుల రక్తం లూసీ ల్యాబుకే వచ్చింది. చీటీల మీద పేర్లు చూసింది. అన్నీ మనవాళ్లవే. చిరునామాలు చూసింది. కొందరు సెక్టర్ 7, కొందరు క్యాంప్ 2, కొందరు చరోదా. వారం రోజులు సాయంత్రాలు సైకిలు మీద ఇంటింటికీ తిరిగి, ఆ రోజు ఎవరేం తిన్నారో రాసుకుంది. డ్యూటీ ఉందని పెరుగన్నం రాకముందే లేచిపోయినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఒక్కరికీ జ్వరం లేదు.

ఆమె ఇంటికి వచ్చి, వంట చేసిన ఆరుగురు ఆడవాళ్ల మలపరీక్ష చేయాలంది. మూతలున్న చిన్న సీసాలు ఆరు తెచ్చింది.

"ఓలమ్మో, మూడేళ్లు మదరాసులో సదివొచ్చి పెద్దమ్మని అడగాల్సింది ఇదేనేటే?" అంది భాగ్యవతి.

"హసో మత్, నవ్వొద్దు పెద్దమ్మా. అందరూ ఇస్తన్నారు. నువ్వూ ఇయ్యి."

"కాఫీపొడి అడిగినట్టు అడుగుతంది సూడండి!"

నేను కూడా నవ్వాను. ప్రభుదాసు పోయిన తర్వాత ఇంట్లో నవ్వడం అదే మొదలు.

నాలుగో రోజు లూసీ డ్యూటీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించింది.

"అయిదుగురివీ బాగున్నాయి పెద్దమ్మా. నీ సీసాలో ఏమీ మొలవలేదు."

"మొలవకపోతే మంచిదే గదేటే?"

"మంచిది కాదు. ఎవరి కడుపులోనైనా ఏదో ఒక క్రిమి ఉంటాది. పాలు తాగే పిల్లకి కూడా ఉంటాది. మేము క్రిములు పెంచి చూసే ప్లేట్లలో, మిగతా అయిదింటి మీదా మామూలు క్రిములు గులాబీ రంగు చుక్కలై నిండా వచ్చినాయి. నీ ప్లేటు కడిగిన అద్దంలాగుంది. మా ల్యాబు పెద్ద సుబ్రహ్మణ్యంగారు నెగటివ్ అని రాసెయ్యమ్మా అన్నారు. నేను రాయలే. సచ్ బోలో, నిజం చెప్పు, సీసాలో ఏం కలిపినావు?"

"కలపలేదే. కడిగినానంతే."

"దేంతో?"

భాగ్యవతి పైట కొంగు సర్దుకుంది. "డెట్టాలుతో. సదువుకున్న పిల్లవి, నీ సేతికి కంపు సీసా ఇస్తానేటి? రెండుసార్లు కడిగి, వాసన రాకుండా అడుగున కొంచెం ఉంచినాను."

లూసీ నవ్వబోయి ఆగిపోయింది. భాగ్యవతి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు. తర్వాత సంచిలోంచి ఇంకో సీసా తీసి ఇచ్చింది.

"ఇది మరిగించిన సీసా. దీన్ని కడగొద్దు. ముట్టొద్దు. నా మీద ఒట్టు."

ఆ పొరపాటు మన ఇళ్ల ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. ఏ చేతికి ఏది ఇచ్చినా కడిగి ఇవ్వడమే వాళ్లకు తెలుసు. లూసీ కాక ఇంకెవరైనా ఆ ప్లేటు చూసి ఉంటే, ఏమీ మొలవలేదు కనుక ఏమీ లేదని రాసి ఊరుకునేవాళ్లు. ఏమీ మొలవకపోవడమే తప్పని పట్టుకోవడం, అదీ ఆమె చదివిన చదువు. నేను ర్యాంకుల గురించి ఎంత చెప్పుకున్నా దాని ముందు అవి చిన్నవే.

రెండో సీసా ప్లేటు మీద టైఫాయిడ్ క్రిమి గుర్తైన నల్లని చుక్కలు వచ్చాయి. ఆ క్రిమిని పట్టించే సీరం చుక్క వేసి చూస్తే క్రిములు ఇసుకరేణువుల్లా గుంపులు కట్టాయట. సుబ్రహ్మణ్యంగారు మళ్లీ చేసి చూశారు. అదే. భాగ్యవతికి జ్వరం లేదు, నొప్పి లేదు. ఎప్పుడో మా ఊళ్లో చిన్నప్పుడు వచ్చిన జ్వరం తాలూకు క్రిమి ఆమె పిత్తాశయంలో రాళ్ల మధ్య చేరి, అక్కడే కాపురం పెట్టిందన్నారు డాక్టరు. అలాంటివాళ్లు తాము బాగానే ఉంటారు. చేతి ద్వారా తిండిలోకి, తిండి ద్వారా ఇతరులకు పోతుంది.

ఇక్కడ నా తప్పు రాస్తాను. ఆ మాట విన్న వెంటనే నాకు ప్రభుదాసు గుర్తు రాలేదు. నా పరువు గుర్తొచ్చింది.

"ఈ రిపోర్టు ఎవరెవరు చూసినారు?" అని అడిగాను.

"డాక్టరు, సుబ్రహ్మణ్యంగారు, నేను."

"అయితే కుళాయి నీళ్లని రాసెయ్యి. నీళ్లు పాడైతే ఎవరేటి సేస్తారు?"

లూసీ నా వైపు సూటిగా చూసింది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ అలా చూడలేదు.

"సెక్టరులో కుళాయి నీళ్లు పెదనానా. క్యాంప్‌లో చేతిపంపు. చరోదాలో రైల్వే ట్యాంకు. మూడు చోట్ల మూడు నీళ్లు. తిన్నది ఒక్కటే."

"నిన్ను పెంచిన సెయ్యే అది."

"మాలూమ్ హై, నాకు తెలుసు. అందుకే ముందు ఈ ఇంటికొచ్చి చెప్పినాను. నేను బయట ఎవరికీ చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఈస్టరుకి పెద్దమ్మ మళ్లీ గంగాళంలో చెయ్యి పెడితే నేను ఊరుకోలేను. ఇంకొక ప్రభుదాసు మామ పోతే ఆ రిపోర్టు ఎవరు రాస్తారు?"

ఈస్టరు ఏప్రిల్ 3. పదిహేను రోజులు కూడా లేదు. నేను లూసీని ఇంట్లోంచి పొమ్మనలేదు కానీ ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె చరోదాలో మా తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. భాగ్యవతి మాత్రం ఆ రెండు వారాలూ ఇంట్లో వంట కూడా ముట్టలేదు. నేనే గంజి కాచాను. ఆమె తన పళ్లెం తానే వేరుగా కడుక్కుంది.

"ఏటండీ, నేనేం సేసినాను?" అని ఒక్కసారే అడిగింది. నేను గంజి గిన్నె ఆమె ముందుకు జరిపాను.

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు ప్రకటనలు చదవడం నా వంతు. చదివి కూర్చోబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి భాగ్యవతి లేచింది. మన సంఘంలో అంతవరకు ఏ ఆడమనిషీ ప్రకటనల వేళ లేవలేదు.

"పెద్దలందరికీ దండాలు. మీకు జొరాలొచ్చింది నీళ్ల వల్ల కాదు. నా సేతి వల్ల. నాకు తెలీదు. మా లూసీ పరీక్ష సేసి సెప్పింది. ఇకమీదట నా సేతి వంట ఎవరూ తినొద్దు. కుసుమా, నిన్ను నేనేటి అడగను? అడగలేను," అని కూర్చుండిపోయింది.

కుసుమ పిల్లలిద్దరినీ లేపుకుని బయటికి నడిచింది. ఆమె చెప్పులు వేసుకునే చప్పుడు అందరికీ వినిపించింది.

తర్వాత చాలామంది చాలా అన్నారు. భాగ్యవతిని ఎవరూ ఏమీ అనలేదు, అదొక మేలు. అన్నదంతా లూసీనే. పెంచిన పెద్దమ్మను నలుగురిలో నిలబెట్టిందన్నారు. చదువు ఎక్కువై కళ్లు నెత్తికెక్కాయన్నారు. ఒక పెద్దమనిషి, పేరు రాయను, "మా ఇంటికి సీసాలు పట్టుకుని రావద్దమ్మా" అని గేటులోనే చెప్పేశాడు. లూసీ సైకిలు తిప్పుకుని వచ్చేసింది. ఆ ఇంటి పిల్లకు తర్వాత ఏడాది కామెర్లు వస్తే రక్తం తీసింది ఆమే. ఆ మాటకొస్తే, జ్వరం వచ్చిన ఇరవై ముగ్గురిలో బతికిన ఇరవై ఇద్దరికీ నెలనెలా పరీక్షలు చేసి, ఎవరిలోనూ క్రిమి మిగల్లేదని తేల్చేవరకు వదలలేదు. కుసుమ పిల్లలకు కూడా చేసింది. కుసుమ తలుపు తీసేది కాదు. సీసాలు కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. లూసీ వాటిని తీసుకుని, రిపోర్టు చీటీ అదే గట్టు మీద రాయి కింద పెట్టి వచ్చేది. అలా ఐదు నెలలు.

నేను లూసీతో మళ్లీ మాట్లాడింది మే నెలలో. మాట్లాడటం కాదు. చరోదా వెళ్లి, "తీగ పిడి వదులైందన్నావట, ఇలా తే" అన్నాను. ఆమె తెచ్చి ఇచ్చింది. నేను బిగించాను. తమ్ముడు టీ పోశాడు.

భాగ్యవతికి ఆంపిసిలిన్ మాత్రలు ఆరు వారాలు వాడారు. క్రిమి పోయినట్టే పోయి సెప్టెంబరులో మళ్లీ కనిపించింది. రాళ్లున్నంతవరకు అది పోదని డాక్టరు చెప్పారు. 1984 జనవరిలో ఆపరేషను చేసి పిత్తాశయం తీసేశారు. ఆపరేషను గది ముందు లూసీ నా పక్కనే కూర్చుంది. అప్పటికి మేము రిటైర్మెంటుతో సెక్టరు క్వార్టరు వదిలి క్యాంప్ 2కు మారాం.

లూసీ ఒక నియమం పెట్టింది. ఆపరేషను తర్వాత నెలకొకటి చొప్పున పన్నెండు పరీక్షలు, పన్నెండూ శుభ్రంగా రావాలి. అప్పుడే గంగాళం. డాక్టరు ఆరు చాలన్నారు. "మా సంఘానికి పన్నెండు కావాలి డాక్టర్ సాబ్" అందట.

ఆ ఫిబ్రవరిలోనే ఆమెకు ఇంకో గొప్ప అవకాశం వచ్చింది. కలకత్తాలో ఏడాది బాక్టీరియాలజీ శిక్షణ. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ముగ్గురిలో ఒకతె, ఆడపిల్ల ఆమె ఒక్కతే. వెళ్లేముందు నేను చేసిన తీగను సుబ్రహ్మణ్యంగారికి ఇచ్చి, "పెద్దమ్మ సీసాకి ఇదే వాడండి సార్" అని చెప్పి వెళ్లింది. ఆయన మాట తప్పలేదు. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా పదకొండు పరీక్షలు. పదకొండుసార్లూ గులాబీ చుక్కలు మొలిచాయి, నల్లవి ఒక్కటీ రాలేదు. చీటీలన్నీ తేదీల వరుసన ఒక ఇనుప తీగకు గుచ్చి వంటింట్లో మేకుకు తగిలించింది భాగ్యవతి. పన్నెండోది తానే చేస్తానని, తాను వచ్చేదాకా సీసా పంపవద్దని లూసీ కలకత్తా నుంచి రాసింది.

పోయిన ఏడాది వార్షికోత్సవానికి పెరుగన్నం లేదు. ఎవరూ కలపడానికి ముందుకు రాలేదు. గంగాళం సామాన్ల గదిలో బోర్లించి ఉంది. ఈ ఏడాది పాతికేళ్ల పండుగ. ఫిబ్రవరి 3న విందు.

మొన్న కొత్త సంవత్సరం ఆరాధన అయిన తర్వాత కుసుమ క్యాంప్‌లో మా ఇంటికి వచ్చింది. రెండేళ్లలో రావడం అదే మొదటిసారి. చేతిలో గుడ్డసంచి. గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, ఈ ఏటి పిడికెడు బియ్యం. నేను తీయడం మానలేదు," అంది.

భాగ్యవతి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టనమ్మా. అక్కడెట్టు."

కుసుమ సంచి బల్ల మీద పెట్టి, మేకుకున్న చీటీలు చూసింది. వేలితో లెక్కపెట్టింది.

"ఇంకొకటేనా?"

"ఒకటే. లూసీ రావాల."

"లూసీ చూసి బాగుందంటే నువ్వే కలుపక్కా. మొదటి ముద్ద నాకెట్టు."

"బాగోలేదంటే?"

కుసుమ సంచి మూతి ముడి బిగించింది. "బాగోలేదంటే నువ్వు పక్కన కూకుని చెప్పు. నేను కలుపుతాను. ఆయనకి ఆ పెరుగన్నం అంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు గదా."

ఇద్దరూ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. భాగ్యవతి పీట చూపించింది. కుసుమ కూర్చుంది. టీ నేను పెట్టాను.

పుస్తకం అచ్చుకు వెళ్లాలి కనుక ఆ పన్నెండో చీటీలో ఏముంటుందో నేను రాయలేను. మరిగించిన సీసా ఒకటి సుబ్రహ్మణ్యంగారు పంపించారు. అది అలమారులో, మూత బిగించి, తెల్లగుడ్డ కప్పి ఉంది. దాన్ని ఎవరూ కడగలేదు. తీగ పిడి కూడా నేను మళ్లీ బిగించి ల్యాబులో ఇచ్చి వచ్చాను. ప్లేటు మీద తెలియడానికి నాలుగు రోజులు పడుతుంది. ఆ లెక్క చూసుకునే లూసీ టిక్కెట్టు తీసుకుంది. హౌరా నుంచి బొంబాయి మెయిలులో దుర్గు స్టేషనులో దిగుతుంది, 1985 జనవరి 28, సోమవారం.